కొసరు

పొద్దన్నే ఆదం దాటినాం, మద్దేనానికి హైమా.
ఇసక, ఇసక, ఒక పెట్రోలు బంకు,
మళ్లా ఇసక.
వెనక సీట్లో నడాన నేను,
ఒకపక్క ముసలామె నిద్ర,
ఇంకోపక్క మొహన్నద్, వాడి వాంతి సంచి.

తెల్లారి కొండ దిగుతానే
అద్దం మీద తుంపర పడింది.
జూలైలో!
మస్కట్‌లో ఈ నెల
కొళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది.
సలాలాలో కొండలు పచ్చగా,
మోకాలి లోతు గడ్డిలో ఒంటెలు
బురదకు జారుతా నడస్తాండాయి,
కొత్త చెప్పులేసుకున్న పెళ్లికొడుకుల మాదిరి.

రోడ్డు పక్కన వరసగా కొట్లు.
నాలుగు గుంజలు, పైన కొబ్బరాకులు,
దండేనికి బట్టలారేసినట్టు అరటి గెలలు.
బోండాలు, చెరుకు గడలు, బొప్పాయిలు.
కాలిన రాళ్ల మీద మాంసం చుంయ్‌మంటాంటే
ఏది పొగో ఏది మంచో తెలీలా.

జువైనా మామా కారు దిగలా,
అబాయాకు బురదంటుతుందని.
అద్దం సగం దించి,
"మిస్తా, మాగినవే చూసి తే" అనింది.
మస్తానమ్మ అనేదానికి నోరు తిరక్క మిస్తా.
తొమ్మిదేండ్లయింది. పిలిస్తే పలుకుతాను.

చూడమనింది కదా, చూసినా.
ఈ బొటనవేలు ఊరికే నేర్చలేదు.
మదనపల్లె టమోటా మండీలో
రాత్రి రెండుకు దిగిన బాక్సులను
తెల్లారి పాట మొదలయ్యే లోపల ఏరిన వేలిది.
గట్టిది మద్రాసుకు,
దోరది బెంగుళూరుకు,
పగిలింది మాకు.

తొడిమ కాడ మెల్లగా ఒత్తినా.
కొట్టాయన కత్తి ఆపి చూసినాడు.
ఒత్తొద్దు అన్లేదు.
ఒత్తడం తెలిసిన చెయ్యి
అమ్మేవాడికి తెలుస్తుంది.

మూడు కాయలు రియాలున్నర అన్నాడు అరబ్బీలో.
రియాలన్నా నేను, అరబ్బీలోనే.
ఇద్దరిదీ ఒకటే అరబ్బీ,
తిట్లు తిని నేర్చుకునింది.
పేరు తొఫజ్జల్ అంట, ఊరు నోవాఖాలి.
గడ్డం నిండా తుంపర.
ఆయన తల అడ్డంగా ఊపినాడు, నేను రెండడుగులు నడిచినా,
ఆయన పిలిచినాడు, నేను వెనక్కొచ్చినా.
ఎంత కాలమైంది ఈ ఆట ఆడి!
రియాలు మీద నాలుగు నూర్ల బైసల కాడ తెగింది.

మిగిలిన నూరు బైసలు ఇయ్యబోతే
"నువ్వుంచుకో" అనింది మామా, అద్దం ఎక్కిస్తా.

నూరు బైసలు.
మన లెక్కలో ఇరవై రూపాయలు, పైన చిల్లర.
ఇంటికి పంపేదానికి చాలదు.
తొమ్మిదేండ్లుగా నా చేతికొచ్చిన ప్రతి బైస మీదా
ముందే ఎవరిదో పేరు ఉండేది,
ఎండిపోయిన బోరుదో, వడ్డీ ఓబులయ్యదో.
దీని మీద ఏ పేరూ లేదు.
తిప్పి తిప్పి చూసినా.

మళ్లా కొట్టు కాడికి పోయినా.
చిన్నరటి, వేలంత పండ్లు, ఆరు అడిగినా.
ఆరు లెక్కబెట్టి తుంచినాడు.
"మరి కొసరో?"
నోరు జారి తెలుగులోనే అన్నా,
మండీ గేటు కాడ అన్నట్టే నడుం మీద చెయ్యేసి.

ఆయన నవ్వినాడు.
"ఫావ్?"
ఆ మాట నేనెప్పుడూ వినలా.
అర్థం అడగాల్సిన పని పడలా.
ఇంకో పండు తుంచినాడు.
నన్ను చూసి, కారును చూసి,
ఇంకోటి.

ఆ నూరు బైసలు ఆయన కాడ నేను గుంజినవే,
ఆయన గల్లాలోకే పోయినాయి.
నడాన ఎనిమిది అరటిపండ్లు.

రెండు ఆడనే తిన్నా, నిలబడుకొని, తడస్తా.
పల్చటి తొక్క, కొంచెం పులుపు తగిలే తీపి.
కారెక్కితే ముసలామె కండ్లు తెరవకుండానే చెయ్యి చాపింది.
మొహన్నద్ రెండు లాక్కున్నాడు.
ముందు సీట్లోంచి గోరింటాకు చెయ్యొకటి వెనక్కొచ్చింది,
దాంట్లో ఒకటి పెట్టినా.
కారు తోలే బాబా అడగలా. నేనూ ఇయ్యలా.

వెనక్కి తిరిగి చూస్తే
కొట్టు లేదు, అంతా మంచే.
బోండం మీద కత్తి పడే చప్పుడు
కొంత దూరం వచ్చి ఆగిపోయింది.
మిగిలిన రెండూ
చున్నీ కొసన ముడేసుకున్నా.